దవడ ఎముక తరిగినవారికి దంతాలు

అక్షరాలు పుట్టే తావులనుబట్టి మన వ్యాకర్తలు వాటికి పేర్లు పెట్టారు. కంఠంలో పుట్టేవి కంఠ్యాలు. పెదవులు కలిసినప్పుడు పుట్టేవి ఓష్ఠ్యాలు. నాలుక కొన పళ్లను తాకినప్పుడు పుట్టేవి దంత్యాలు. త, థ, ద, ధ, న అనేవి దంత్యవర్గం. ల, స కూడా ఆ కోవలోనివే. ఇవి చాలవన్నట్లు తెలుగువారికి దంత్య చకార జకారాలు అదనంగా ఉన్నవి. 'చాప' అన్నా, 'జొన్న' అన్నా మన నాలుక పళ్ల వెనుక తట్టును వెదకుకొనవలసినదే. పళ్లున్నంతకాలం ఈ సంగతి ఎవరికీ తోచదు. అవి పోయిన తరువాత గాని, అన్నంతోపాటు అక్షరం కూడా నోటినుండి జారిపోయినదని తెలియదు.

ఈ ప్రసంగానికి ప్రేరణ అట్టి ఒక అనుభవమే. ఒకప్పుడు రేడియో నాటకాలలో గంభీరమైన పాత్రలు ధరించిన ఒక పెద్దాయన మాకు ఆప్తులు. వయస్సు 71 ఏళ్లు. మేమందరం ఆయనను బాబాయిగారని పిలుస్తాము. చిగుళ్ల వ్యాధివలన కింది పళ్లన్నీ ఇరవై ఏళ్ల కిందటనే పోయినవి. పైన ఆరు మాత్రం మిగిలినవి. కింద పెట్టుకొనే పళ్ల సెట్టు మొదట్లో బాగానే అమరినది. రానురాను వదులైనది. కొత్తది చేయించుకొన్నారు, అదీ వదులైనది. చివరకు, 'ధర్మరాజు' అన్న మాట పలుకబోతే సెట్టు పైకి లేచి నాలుకకు అడ్డుపడే స్థితి వచ్చినది. మైకు ముందుకు రావడం మానుకొన్నారు. పెళ్లి విందులకు వెళ్లడం కూడా మానుకొన్నారు.

ఒకనాడు ఆయన రెండు కాగితాలు చేతబట్టుకొని వచ్చారు. ఒక దంతవైద్యుడు వ్రాసినది: 'దవడలో ఎముక లేదు; ఇంప్లాంట్లు కుదరవు.' మరొక చోట వ్రాసి ఇచ్చినది: 'పైన మిగిలిన ఆరు పళ్లూ తీసివేసి, రెండు దవడలకూ మూడు రోజులలో బిగింపు పళ్లు అమర్చగలము.' ఆ రెండు కాగితాలూ నా బల్లమీద పరచి, "ఏమయ్యా, నీవు చదువుకొన్నవాడివి కదా, ఒకరేమో అసలు కుదరదంటారు, ఇంకొకరేమో మూడు రోజులు చాలునంటారు. ఈ రెంటిలో ఏది నిజం?" అని అడిగారు.

నేను వైద్యుడను కాను. "తెలుసుకొని చెపుతాను బాబాయిగారూ" అన్నాను. కొన్ని నెలలపాటు వైద్యులను అడిగి, గ్రంథాలు చదివి తెలుసుకొన్నదానిని మీ ముందు ఉంచుతున్నాను. ఆ రెండు కాగితాలలో ఏదీ పూర్తి నిజం కాదని మాత్రం ఇప్పుడే మనవి చేస్తాను.

ముందుగా, ఎముక ఎందుకు తరుగుతుందో చూద్దాము. దవడ ఎముక అంతా ఒకే తీరున పుట్టినది కాదు. అడుగుననున్న భాగం పునాది వంటిది. అది జీవితాంతం నిలుస్తుంది. దానిపైన పళ్ల వేళ్లను పొదివి పట్టుకొనే గట్టు వంటి భాగం ఒకటి ఉన్నది. ఈ గట్టు పళ్లతో పుడుతుంది, పళ్లకొరకే జీవిస్తుంది. పంటి వేరుకు, ఎముకకు నడుమ మిల్లీమీటరులో అయిదవవంతు మందం గల నారపొర ఉంటుంది. మనం నమిలినప్పుడల్లా ఆ నారలు ఎముకను లాగి, దానికి పని కల్పిస్తవి. పని ఉన్న ఎముక దిట్టంగా ఉంటుంది, పని లేని ఎముక కరిగిపోతుంది. జర్మన్ శస్త్రవైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లో ప్రతిపాదించిన సూత్రానికి సారం ఇదే.

పన్ను ఊడినది మొదలు గట్టు కరగడం ఆరంభమవుతుంది. మొదటి ఏడాదిలోనే దాని వెడల్పు సుమారు సగం తరుగుతుందనీ, ఆ తరుగుదలలో అధికభాగం మొదటి మూడు నెలలలోనే జరుగుతుందనీ 2003లో ప్రకటితమైన ఒక పరిశోధన చూపినది. తరువాత వేగం తగ్గుతుంది గాని, తరుగుదల ఆగదు. ఆంట్యే టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు పళ్ల సెట్టు ధరించేవారిని 25 ఏళ్ల కాలం మీద పరిశీలించి 1972లో ఫలితాలు ప్రకటించారు. అన్నేళ్ల తరువాత కూడా గట్టు కరుగుతూనే ఉన్నది. పై దవడకంటె కింది దవడ ముందుభాగంలో తరుగుదల సుమారు నాలుగు రెట్లు ఎక్కువ. కింది సెట్టే ముందుగా వదులు కావడానికి కారణం ఇది. పై సెట్టుకు అంగిలి అంత విశాలమైన ఆధారం ఉన్నది. కింది సెట్టుకు సన్నని గట్టు తప్ప వేరే ఆధారం లేదు. పైగా నాలుక దానిని క్షణక్షణం కదలిస్తుంది.

కొందరిలో పన్ను ఊడకముందే ఎముక పోతుంది. చిగుళ్ల వ్యాధి ముఖ్యకారణం. చిగుళ్లనుండి రక్తం కారినప్పుడు ఉప్పుతో తోముకొని ఊరుకొంటాము. లోపల ఎముక తరుగుతున్నదని గ్రహించము. చుట్ట, బీడీ, సిగరెట్టు, గుట్కా దానికి తోడైతే నష్టం మరింత త్వరితం. శ్రీకాకుళం, విశాఖ తీరప్రాంతాలలో చుట్టను నిప్పు లోపలికి పెట్టి కాల్చే 'అడ్డపొగ' అలవాటు ఉన్నది. అది అంగిలికి చేసే కీడును గురించి వైద్యులు ఎన్నడో హెచ్చరించారు. గుట్కా అలవాటువలన నోరు తెరుచుకోని జబ్బు వచ్చినవారికి, ఎముక ఉన్నా ఇంప్లాంటు నాటడానికి పనిముట్టు లోపలికి పోదు. ఇవికాక ప్రమాదాలు, కంతులు, కేన్సరు శస్త్రచికిత్సలు, పుట్టుకతో వచ్చిన చీలికలు కూడా దవడ ఎముక లోపానికి కారణాలు.

ఇక ఇంప్లాంటు మాటకు వస్తాము. ఇంప్లాంటు అంటే పంటి వేరుకు బదులుగా ఎముకలో నాటే చిన్న టైటానియం మర. స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు పెర్-ఇంగ్వార్ బ్రోన్‌మార్క్ 1952 ప్రాంతంలో కుందేళ్ల కాలి ఎముకలలో రక్తప్రసారాన్ని పరిశీలిస్తూ టైటానియంతో చేసిన చిన్న పరికరాలను అమర్చాడు. పరిశీలన ముగిసిన తరువాత తీయబోతే అవి రాలేదు. ఎముక వాటిని తనలో కలుపుకొన్నది. ఆయన ఆ లక్షణాన్ని పట్టుకొని, 1965లో గోథెన్‌బర్గ్ నగరంలో మొదటి రోగికి ఇంప్లాంట్లు నాటాడు. ఆ రోగి పుట్టుకతోనే దవడ లోపం గలవాడు. అతని కింది దవడలో నాటిన ఇంప్లాంట్లు 2006లో అతడు మరణించేవరకు పనిచేసినవి. 1982లో టొరంటోలో జరిగిన సదస్సు తరువాత ఈ చికిత్సను ప్రపంచం అంగీకరించినది. ఈ చరిత్రలో ఒక విశేషం ఉన్నది. అందమైన చిరునవ్వు కోరినవారికొరకు కాక, మామూలు సెట్టుతో తినలేని దీనులకొరకు ఈ చికిత్స పుట్టినది. ఎముక లోపించినవారికి ఇంప్లాంటు అనే మాట ఆ విధంగా మొదటినుండీ ఉన్నదే.

అయితే మరకు చుట్టూ ఎముక కావాలి. సాధారణమైన ఇంప్లాంటు మందం సుమారు 4 మిల్లీమీటర్లు, పొడవు 10 మిల్లీమీటర్లు. అటూ ఇటూ కనీసం మిల్లీమీటరు చొప్పున ఎముక మిగలాలి. కాబట్టి గట్టుకు 6 మిల్లీమీటర్ల వెడల్పైనా ఉండాలి. అంత లేనప్పుడు ఏమి చేయాలి? బీరపాదుకు పందిరి వేసే రైతును తలచుకొనండి. గుంజ నాటవలసినచోట మట్టి చాలకపోతే అతనికి మూడు మార్గాలు ఉన్నవి. మట్టి తెచ్చి పోయవచ్చు. గట్టినేల ఎక్కడ ఉన్నదో చూచి గుంజను అక్కడ నాటవచ్చు. లేదా పందిరి బరువు తగ్గించుకొని రెండు గుంజలతో సరిపెట్టుకొనవచ్చు. దంతవైద్యంలో ఎన్ని పేర్లు వినిపించినా మార్గాలు ఈ మూడే.

మొదటి మార్గం ఎముకను పెంచడం. మామిడికి అంటుకట్టినట్లు దవడకు ఎముక అంటు వేస్తారు. గడ్డం దగ్గరనుండిగాని, దవడ వెనుక మూలనుండిగాని చిన్న ముక్క తీయవచ్చు. ఎక్కువ కావలసివస్తే తుంటి ఎముకనుండి తీస్తారు. తన ఎముక తనకు అన్నిటికంటె మేలు. అయితే రెండవచోట గాయం తప్పదు. బయటినుండి తెచ్చే పదార్థాలూ ఉన్నవి. కొన్ని దానం చేసిన మనుష్యుల ఎముకనుండి, కొన్ని పశువుల ఎముకనుండి శుద్ధిచేసి తయారైనవి. కొన్ని కేవలం రసాయనశాలలో చేసినవి. అంటుపై కప్పే పలుచని పొరలు కూడా తరచు ఆవునుండిగాని, పందినుండిగాని తీసినవే. మత విశ్వాసంవలన గాని, ఆహార నియమంవలన గాని వీటిని కోరనివారు మన సమాజంలో ఎందరో ఉన్నారు. వైద్యుడు చెప్పకపోతే రోగి అడగవచ్చు, అడగాలి. కృత్రిమమైనవి వాడవచ్చునేమో, వాటివలన ఫలితంలో తేడా వచ్చునేమో అప్పుడే తేల్చుకొనవచ్చు.

గట్టును వెడల్పు చేయడం సులభతరం, ఎత్తు పెంచడం కష్టతరం. కొన్ని మిల్లీమీటర్ల ఎత్తుకొరకు వేసిన అంటు కొంత తిరిగి కరిగిపోవచ్చు, పైనున్న చిగురు విచ్చిపోవచ్చు. అంటు ఎముకగా మారడానికి నాలుగు నెలలనుండి తొమ్మిది నెలలవరకు వేచివుండాలి. ఆ తరువాత ఇంప్లాంటు నాటడం, అది ఎముకతో కలియడానికి మరి మూడు నుండి ఆరు నెలలు. ఈ మార్గానికి ఓర్పు కావాలి, ధనం కావాలి.

పై దవడ వెనుకభాగంలో మరొక చిక్కు ఉన్నది. అక్కడ పళ్ల వేళ్లకు పైన గాలితో నిండిన గది ఉన్నది. దానిని సైనస్ అంటారు. పళ్లు పోగానే ఆ గది కిందికి విస్తరిస్తుంది. కింద గట్టు కరుగుతూ, పైన గది దిగుతూ, నడుమ ఎముక రేకులా మిగులుతుంది. గది అడుగున కోడిగుడ్డు పెంకు లోపలి పొరవంటి పలుచని పొర ఉంటుంది. దానిని చిరగకుండా పైకెత్తి, కింద అంటు నింపడమే సైనస్ లిఫ్టు. 1970లలో అమెరికాలో ఆరంభమైన ఈ పద్ధతికి 1980లో ప్రకటితమైన వ్యాసంతో ప్రచారం కలిగినది. కాస్త ఎముక మిగిలివున్నచోట, పంటి తావునుండే మెల్లగా పైకెత్తే చిన్న పద్ధతిని 1994లో వివరించారు. ఎముక పెంచే పద్ధతులలో మంచి ఫలితాలిచ్చేదిగా సైనస్ లిఫ్టుకు పేరున్నది.

రెండవ మార్గం ఉన్న ఎముకను ఆశ్రయించడం. దీనిలో సులభమైనది పొట్టి ఇంప్లాంటు. ఒకప్పుడు పొడవైనదే గట్టిదని నమ్మేవారు. నేడు 6 మిల్లీమీటర్ల పొడవు గలవాటిని సైతం నాటుతున్నారు. అంటు వేసి పొడవైనది నాటడానికి, అంటు లేకుండా పొట్టిది నాటడానికి అయిదేళ్ల ఫలితాలలో పెద్ద వ్యత్యాసం లేదనీ, పొట్టివాటితో ఉపద్రవాలు తక్కువనీ పలు పరిశీలనలు తెలుపుతున్నవి. అయితే ఎముక మెత్తగా ఉన్నచోట, పళ్లు కొరికే అలవాటు ఉన్నవారిలో వీటి విషయమై జాగ్రత్త అవసరం.

తరువాతది వాలుగా నాటడం. సైనస్ గదిని, కింది దవడలోని నరాన్ని తప్పించుకొంటూ వెనుక ఇంప్లాంట్లను ఏటవాలుగా నాటి, నాలుగింటిపై ఒక దవడ పళ్లన్నీ నిలబెట్టే పద్ధతిని లిస్బన్ నగరపు వైద్యుడు పాలో మాలో 2003లో ప్రకటించారు. దీనిని 'ఆల్ ఆన్ ఫోర్' అంటారు. ముందుభాగంలో ఎముక బాగున్నవారికి ఇది అంటు అవసరాన్ని తప్పిస్తుంది. ఎముకలో మరలు గట్టిగా పట్టినప్పుడు తాత్కాలికమైన పళ్లను వెంటనే బిగిస్తారు. శాశ్వతమైనవి కొన్ని నెలల తరువాత. ప్రకటనలలో చూచే 'ఒక్కరోజు పళ్లు' అనే మాటకు మూలం ఇది. ఆ ఒక్కరోజు తరువాత కొన్ని నెలలపాటు మెత్తని ఆహారమే తినాలని ప్రకటనలలో వ్రాయరు.

పై దవడ మొత్తం కరిగిపోయినవారికి చెంప ఎముక ఉన్నది. సాధారణమైన ఇంప్లాంటు గోరంత ఉంటే, చెంప ఎముకకు బిగించేది 30 మిల్లీమీటర్లనుండి 50 మిల్లీమీటర్లు దాటి ఉంటుంది. దీనిని కూడా బ్రోన్‌మార్కే ప్రవేశపెట్టాడు. మొదట కేన్సరు వంటి వ్యాధులవలన దవడ కోల్పోయినవారికొరకు ఉద్దేశించినది. మరకు దారి సైనస్ పక్కగా, కంటిగూటికి చేరువగా పోతుంది. సైనస్ వాపు రావచ్చు. అరుదుగా కంటికి హాని కలుగవచ్చు. చేయి తిరిగిన నిపుణులకే తగిన పని ఇది. పై దవడ వెనుకనున్న గట్టి ఎముకలో నాటే టెరిగాయిడ్ ఇంప్లాంట్లు కూడా ఈ జాతివే.

నేడు మన పట్టణాలలో 'బేసల్' ఇంప్లాంట్ల ప్రకటనలు విరివిగా కనిపిస్తున్నవి. కరగని పునాది ఎముకలో, దాని గట్టి బయటి పొరను పట్టుకొనేటట్లు వీటిని బిగిస్తారు. కొన్ని రోజులలోనే పళ్లు అమర్చుతారు. బాబాయిగారి రెండవ కాగితం ఇట్టిదే. ఈ పద్ధతివలన మేలు పొందినవారు లేకపోలేదు. అయితే సాధారణమైన ఇంప్లాంట్లను గురించి దశాబ్దాల తరబడి సాగిన నిష్పాక్షిక పరిశీలనలు ఉన్నంతగా వీటిని గురించి లేవు. ఒక మర చెడితే దానితో కలిపి కట్టిన మొత్తం పళ్లకు చిక్కు రావచ్చు. అన్నిటికంటె ముఖ్యం, నిలువదగిన సొంత పళ్లను ఇందుకొరకు తీసివేయడం ఆలోచించవలసిన విషయం. తీసిన పన్నును ఏ వైద్యుడూ తిరిగి ఇవ్వలేడు.

మూడవ మార్గం పందిరి బరువు తగ్గించడం. మనలో చాలామందికి తెలియనిది ఇదే. కింది దవడలో వెనుకభాగం ఎంత కరిగినా, గడ్డం వద్ద ముందుభాగంలో ఎముక చాలాకాలం నిలుస్తుంది. అక్కడ రెండు ఇంప్లాంట్లు మాత్రం నాటి, వాటి తలలకు గుండీలవలె బిగిసే సెట్టును అమర్చుతారు. సెట్టును రాత్రి తీసి కడుగవచ్చు, పగలు నొక్కి పెట్టుకొనవచ్చు. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో 2002లో సమావేశమైన నిపుణులు, కింది పళ్లన్నీ పోయినవారికి మొదట సూచించవలసిన చికిత్స ఇదే కావాలని అభిప్రాయపడ్డారు. 2009లో ఇంగ్లండులోని యార్క్ నగరంలో కూడిన నిపుణులు దానిని సమర్థించారు. బిగింపు పళ్లంత దర్జా దీనికి లేదు. గుండీలోని రబ్బరు వలయాలు అరిగినప్పుడు మార్చుకొనాలి. కాని ఖర్చు తక్కువ, కోత తక్కువ, శుభ్రపరచుకొనడం సులువు. వణికే చేతులు గల వృద్ధులకు ఈ చివరి గుణం చిన్నది కాదు.

ఏ మార్గమైనా, దవడను చూచినంతమాత్రాన తేలదు. మామూలు ఎక్స్‌రే ఎముక ఎత్తును చూపుతుంది గాని, మందాన్ని చూపదు. అందుకు కోన్ బీమ్ సి.టి. అనే పరీక్ష ఉన్నది. కింది దవడలో పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం ఒక కాలువలో పోతుంది. మర దానిని తాకితే పెదవి మొద్దుబారవచ్చు. ఒక్కొక్కప్పుడు అది శాశ్వతం. కాబట్టి నరానికి 2 మిల్లీమీటర్ల ఎడం ఉంచుతారు. ఎముక కరిగినకొద్దీ ఆ నరం పైకి చేరువవుతుంది. అంగుష్ఠమాత్రమైన స్థలంలో మిల్లీమీటరుకు ఇంత విలువ ఉన్నది.

ఎముకతోపాటు మనిషిని కూడా పరీక్షించాలి. మధుమేహం అదుపులో లేకపోతే గాయం మానదు, మర పట్టదు. పొగతాగేవారిలో ఇంప్లాంట్లు చెడిపోవడం ఎక్కువ. ఎముకలు గుల్లబారినవారికి ఇచ్చే మందుల విషయం మరీ ముఖ్యం. వారానికొక మాత్రగానో, ఆరు నెలలకొకటి లేదా ఏడాదికొకటి సూదిగానో ఈ మందులు తీసుకొనేవారిలో, కేన్సరుకొరకు వీటిని పెద్ద మోతాదులో పొందేవారిలో మరింతగా, పన్ను తీసిన తరువాత దవడ ఎముక కుళ్లే ప్రమాదం ఉన్నదని 2003లో మొదట గుర్తించారు. సూది మందు పేరును చాలామంది పళ్లవైద్యునికి చెప్పరు. పంటికీ వెన్నెముకకూ సంబంధమేమిటని అనుకొంటారు. తప్పక చెప్పాలి. అట్లని సొంతంగా ఆ మందును మానివేయరాదు. కొన్నిటిని హఠాత్తుగా మానితే వెన్నుపూసలు విరిగే అపాయం ఉన్నది. ఇద్దరు వైద్యులూ మాట్లాడుకొని నిర్ణయించవలసిన విషయమిది. దవడకు రేడియేషను చికిత్స పొందినవారికి కూడా ఇంతే జాగ్రత్త కావాలి.

మర నాటడంతో కథ ముగియదు. ఇంప్లాంటుకు పుచ్చు రాదు. కాని చుట్టూ పాచి చేరితే చిగురు వాచి, మర చుట్టూ ఉన్న ఎముక కరుగుతుంది. సొంత పంటివలె అది త్వరగా నొప్పి చెప్పదు. సాధారణ పరిస్థితులలో నాటిన ఇంప్లాంట్లలో నూటికి సుమారు 95 పదేళ్ల తరువాత కూడా నిలుస్తున్నవని లెక్కలు ఉన్నవి. ఆ లెక్కకు వెనుక, ప్రతిదినం తోముకొని, ఏడాదికి ఒకటి రెండుసార్లైనా వైద్యునికి చూపించుకొన్న రోగుల శ్రద్ధ కూడా ఉన్నది.

కాబట్టి ఇంప్లాంటుకు వెళ్లేవారు వైద్యుని అడుగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నవి. నా ఎముక ఎక్కడ ఎంత ఉన్నది, బొమ్మలో చూపగలరా? అంటు లేకుండా కుదిరే పద్ధతి ఏదైనా ఉన్నదా? ఉన్న పళ్లలో నిలువదగినవి ఏవి? ఇది విఫలమైతే తరువాత చేయగలిగినదేమిటి? మొత్తం ఖర్చులో మర మాత్రమేనా, పైనమర్చే పళ్లు, తరువాతి మరమ్మతు కూడా చేరినవా? నాటిన ఇంప్లాంటు ఏ కంపెనీది, ఏ కొలతది అన్న వివరాల కార్డు ఇస్తారా? ఈ చివరి కార్డు చిన్న విషయంగా తోచవచ్చు. పదేళ్ల తరువాత వేరే ఊరిలో ఒక మర వదులైనప్పుడు, దానికి సరిపోయే పనిముట్టును వెదకడానికి ఆ కార్డే ఆధారం. విసుగుకొనక ఈ ప్రశ్నలకు బదులిచ్చే వైద్యునివద్ద నిశ్చింతగా చికిత్స పొందవచ్చు. సందేహమైతే మరొక వైద్యుని అభిప్రాయం తీసుకొనడంలో తప్పు లేదు. హైదరాబాదు, విజయవాడ వంటి నగరాలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నవి. వేర్వేరు శాఖల వైద్యులు ఒకే కప్పు కింద దొరికే అట్టి చోటు, ఇటువంటి చిక్కు కేసులకు అనుకూలం.

బాబాయిగారిని అట్టి ఒక బోధనాసుపత్రికే తీసుకొనివెళ్లాను. సి.టి. బొమ్మలో కింది దవడ వెనుకభాగం నిజంగానే కరిగిపోయివున్నది; నరం దాదాపు పైకి వచ్చినది. 'ఎముక లేదు' అన్న మొదటి కాగితం ఆ మేరకు నిజం. ముందుభాగంలో మాత్రం రెండు మరలకు చాలినంత ఎముక కనిపించినది. పైనున్న ఆరు పళ్లలో నాలుగు చికిత్సతో నిలుస్తవన్నారు. చక్కెర మాత్రం ఎక్కువగా ఉన్నది. "ముందు దీనిని తగ్గించుకొని రండి" అని పంపివేశారు. ఆయన చిన్నబుచ్చుకొన్నారు. మూడు రోజులలో పళ్లు వచ్చునన్న ఆశ చూచినవారికి, మూడు నెలలు పథ్యం చేయమనడం కష్టంగానే ఉంటుంది. అయినా చేశారు. తరువాత రెండు మరలు నాటారు. మరి నాలుగు నెలలు పాత సెట్టుతో, మెత్తని అన్నంతో గడిపారు. ఆపైన గుండీలు బిగించిన కొత్త సెట్టు వచ్చినది.

ఆయనకు పాతికేళ్లనాటి పళ్లు రాలేదు. చెరకు గడ నమలలేరు. రాత్రి సెట్టు తీసి గిన్నెలో పెట్టడం తప్పలేదు. కాని ఒక సాయంకాలం మా స్టూడియోలో కూర్చొని, పాత నాటకంలోని తమ భాగాన్ని రెండు పుటలు, ఎక్కడా ఆగకుండా చదివి వినిపించారు. దకార ధకారాలు వేటికవి విడివిడిగా పలికినవి. చదవడం ముగించి, "ఇరవై ఏళ్ల కిందట చిగుళ్లు రక్తం కారినప్పుడే ఎవరైనా ఈ సంగతులు చెప్పివుంటే ఇంత దూరం రాకపోదునయ్యా" అన్నారు.

ఆ మాటనే మీకు అందించి సెలవు తీసుకొంటాను. ఎముక తరిగినవారికి దారులు ఉన్నవి. నిరాశ పడనక్కరలేదు, తొందర అసలే పనికిరాదు. పన్ను తీయించుకొనవలసినవారు, ఆ ఖాళీని ఏమి చేయాలో తీయించుకొనే రోజుననే అడిగి తెలుసుకొనండి; ఎముకకు మొదటి మూడు నెలలు విలువైనవి. పళ్లు ఇంకా నిలిచివున్నవారు రేపు ఉదయం తోముకొనేటప్పుడు చిగుళ్లనుండి రక్తం వస్తున్నదేమో ఒకసారి చూచుకొనండి.